సముద్రానికి ఇరవై నిమిషాలు

నాలుగు రోజుల వాంకూవర్ ప్రయాణంలో సముద్రానికి ఇరవై నిమిషాలు ఇచ్చారు. అదీ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కారు పెట్టుకోవడానికి చోటు దొరికితే.

ఇది నేను కల్పించి చెప్పడం లేదు. మా కోడలు కంప్యూటర్లో తయారుచేసి ఇంటిల్లిపాది ఫోన్లకూ పంపిన పట్టికలో పద్దెనిమిదో వరసలో ఉంది: "బీచ్, ఫోటోలు, ఇరవై నిమిషాలు." దాని పైవరసలో ఒకరింట్లో భోజనం, కిందివరసలో ఇంకొకరింట్లో టీ. భోజనానికి రెండున్నర గంటలు. టీకి గంటన్నర. భూమ్మీద ఉన్న సముద్రాలన్నిటిలోకీ పెద్దదానికి ఇరవై నిమిషాలు.

నేను ముప్ఫై నాలుగేళ్ళు బస్సు డిపోలో టైము చూసే ఉద్యోగం చేశాను. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ ఊళ్ళో ఎంతసేపు ఆగాలి, డ్రైవరు టీ ఎక్కడ తాగాలి, అన్నీ నా చేత్తో గీసిన చార్టులే. పదో తరగతి తప్పినవాణ్ణి. ఇంగ్లీషూ భూగోళమూ నక్షత్రాల సంగతీ డ్యూటీ దిగాక గ్రంథాలయంలో కూర్చుని నాకు నేనే చెప్పుకున్నాను. చార్టు విషయంలో మాత్రం నాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. రాసినవాళ్ళు దేన్ని ఊరుగా లెక్కవేశారో, దేన్ని ఎవరైనా చెయ్యెత్తితే ఆపే స్టాపుగా లెక్కవేశారో చూడగానే తెలిసిపోతుంది. మా కోడలి చార్టులో సముద్రం చెయ్యెత్తితే ఆపే స్టాపు.

ఇంత పట్టుదల దేనికని అడుగుతారేమో, చెబుతాను. నేను పుట్టిపెరిగింది బాపట్ల దగ్గర, సముద్రపు గాలి ఇంట్లోకి కొట్టే ఊళ్ళో. మా సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడమే చూశాను గాని లోపలికి దిగడం చూడలేదు. మాకు సాయంత్రం సూర్యుడు రైలుకట్ట వెనక దిగిపోయేవాడు, అదేం ఘనకార్యం కాదన్నట్టు. ఐదో తరగతిలో మాస్టారిని అడిగాను: "రోజూ సముద్రంలోంచి వస్తాడు కదండీ, మళ్ళీ దాంట్లోకి ఎటునుంచి పోతాడండీ?" ఆయన గోడకుర్చీ వేయించారు. అరవై ఐదేళ్ళయింది, జవాబు మాత్రం చెప్పలేదు.

జవాబు నేనే చదివి తెలుసుకున్నాను, పడమటి సముద్రం ఒడ్డున నిలబడితే కనిపిస్తుందని. ఒకసారి బొంబాయి వెళ్ళాం, మా ఆవిడ పిన్నిగారింటికి. సరిగ్గా పొద్దు వాలే వేళకి మమ్మల్ని చీరలకొట్టుకు తీసుకెళ్ళారు. మూడంతస్తుల కొట్టు, ఒక్క కిటికీ లేదు. మేం బయటికొచ్చేసరికి వీధిదీపాలు వెలుగుతున్నాయి. ఇంకోసారి కన్యాకుమారిలో మబ్బు పట్టింది. మబ్బు మీద నాకు కోపం లేదు. చీరలకొట్టు మీద ఉంది, ఈ రోజుకీ ఉంది.

ఏడేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గరికి, కెనడాకి తూర్పువైపునున్న ఈ ఏజాక్స్‌కి వచ్చాం. ఇక్కడ పెద్ద సరస్సు ఉంది. అవతలి గట్టు కనపడదు. వచ్చిన మొదటివారమే అందరూ నన్ను దాని ఒడ్డుకు తీసుకెళ్ళి, "అచ్చం సముద్రమే కదా!" అన్నారు. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాను. చప్పగా ఉన్నాయి. "కాదు," అన్నాను. పైగా ఆ సరస్సులోంచి కూడా సూర్యుడు పైకే వస్తాడు. అదెప్పుడో చూశాను నేను.

అందుకని, ఆగస్టు మొదటి లాంగ్ వీకెండ్‌కి వాంకూవర్ వెళ్దామని మా అబ్బాయి అన్నరోజు నేను రాత్రంతా అట్లాసు ముందేసుకున్నాను. సముద్రానికి ఎదురుగా ఒక పొడుగాటి దీవి అడ్డం ఉందని అప్పుడే కనిపెట్టాను. శాస్త్రప్రకారం చూస్తే సూర్యుడు ఆ దీవి కొండల వెనక దిగుతాడు. సరే, ఈ వయసులో అంత బిగదీసుకుంటే ఎలా, ఉప్పునీళ్ళకి అవతల దిగితే చాలని రాజీపడ్డాను.

నేను రాజీపడ్డాను గాని మిగతావాళ్ళు పడలేదు.

మొదట వచ్చిపడింది పొట్లాల సంగతి. అవి ఊళ్ళకి ఊళ్ళు కెనడాకి చదువులకి కదిలొస్తున్న రోజులు. మా కింద బేస్‌మెంట్‌లోనే ఇద్దరు ఆడపిల్లలు అద్దెకుండేవారు. మా చుట్టాల్లో పిల్లల్ని ఇక్కడికి పంపని ఇల్లు లేదు. మేం వాంకూవర్ వెళ్తున్నామన్న కబురు తెనాలికి ఎలా చేరిందో తెలియదు గాని, మర్నాడు పొద్దున్నే మా ఆవిడ పినతండ్రి కూతురు ఫోన్ చేసింది.

"బావగారూ, వాంకూవర్ వెళ్తున్నారటగా! మా పిల్ల ఆ పక్కనే సర్రేలో ఉంటోంది. మీకు దగ్గరేగా?"

"ఏజాక్స్ నుంచి విమానంలో ఐదు గంటలమ్మా."

"మీరు వెళ్ళేది విమానంలోనేగా, నడిచి కాదుగా! ఆవకాయా, కందిపొడీ, కుక్కర్ గాస్కెట్టూ ఎవరో వస్తుంటే మీ ఇంటికి పంపించేశాను, రేపు దిగుతాయి. ఒక్కమాట బావగారూ. వెళ్ళినప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి చూడండి, ఏం తింటోందో. దానికి తెలియకుండా ఫోటో తీసి పెట్టండి."

డెబ్బై ఆరేళ్ళవాణ్ణి, ఆడపిల్లలుండే ఇంట్లోకి పోయి దొంగచాటుగా ఫ్రిజ్ ఫోటో తియ్యాలి!

అలాంటి ఫోన్లు ఇంకో నాలుగొచ్చాయి. బేస్‌మెంట్‌లో నల్లగొండ పిల్ల మెట్లెక్కి వచ్చింది. "అంకుల్, మీరు వాంకూవర్ పోతున్నరంట గదా. మా దోస్తు ఆడ్నే చదువుతున్నది. దానికి జర ఈ జర్కిన్ ఇయ్యరా? మస్తు చలి ఉంటదంట." ఆగస్టులో చలేమిటని అడగబోయి మానుకున్నాను. ఆ పిల్ల మర్యాదస్తురాలు. ఆ జర్కిను బరువు మాత్రం ఆ పిల్లంత ఉంది.

ఇలా పగళ్ళన్నీ పొట్లాల పంపకానికి పోయాయి. పోతే పోయాయి, నాక్కావలసింది సాయంత్రం. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల బల్ల దగ్గర ఉండగా ఆ మాటే ఎత్తాను.

"సాయంత్రాలు మూడున్నాయి కదమ్మా, శుక్ర, శని, ఆది. ఒక్కటి నాకొదిలెయ్యండి, చాలు."

కోడలు ఫోన్లో పట్టిక పైకి జరిపింది. మా కోడలి పుట్టింటివాళ్ళు వాంకూవర్ పక్కనే బర్నబీలో ఉంటారు. మేం దిగేది వాళ్ళింట్లోనే.

"స్లాట్ లేదు మామయ్యగారూ. ఫ్రైడే అమ్మావాళ్ళింట్లోనే డిన్నర్. సాటర్‌డే మిమ్మల్ని పరిచయం చెయ్యాలని నాన్న ముప్ఫైమందిని పిలిచేశారు. సండే మా పెద్దమ్మావాళ్ళింట్లో. పోయినసారి మేం రాలేదని ఆవిడ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు."

"భోజనం ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నర, తొమ్మిదవుతుంది."

"సూర్యుడు దిగేది తొమ్మిదికి పది నిమిషాల ముందు."

మా అబ్బాయి పెరుగు కలుపుకుంటూ, "నాన్నా, సన్‌సెట్ వీడియో టీవీలో పెడతాలే. అక్కడికంటే పెద్దగా కనిపిస్తుంది," అన్నాడు. వీడికి ఇంజినీరింగ్ చెప్పించింది నేనే. పన్నెండేళ్ళ మనవరాలు తలెత్తకుండానే, "తాతా, ఇట్స్ ది సేమ్ సన్," అంది.

"ఆరింటికే భోజనం పెట్టెయ్యమనొచ్చుగా?"

"ఆఫీసుల నుంచి, షాపుల నుంచి రావాలి కదా నాన్నా అందరూ."

"డబ్బాల్లో సర్దుకుని ఒడ్డునే కూర్చుని తిందాం."

మా ఆవిడ గరిటె బల్లమీద పెట్టింది. "గుత్తొంకాయా, ముద్దపప్పూ ఇసకలో కూర్చుని తింటారా? ఏమండీ, మనం మగపెళ్ళివాళ్ళం. వియ్యాలవారు పిలిచి వండిపెడతామంటే, సూర్యుణ్ణి చూసుకోవాలి, రాలేం అంటామా? వాళ్ళు నొచ్చుకోరూ? సూర్యుడేమన్నా నొచ్చుకుంటాడా?"

ఈ మాటకి జవాబు గ్రంథాలయంలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. తెలుగువాళ్ళు ఊరు చూడ్డానికి వెళ్ళరు. ఊళ్ళో ఉన్నవాళ్ళని చూడ్డానికి వెళతారు. ఎవరింటికి వెళ్ళామో వాళ్ళకి గుర్తుండదు, ఎవరింటికి వెళ్ళలేదో వాళ్ళకి గుర్తుంటుంది. దేశంలోని పెద్ద ఊళ్ళన్నీ నేను అలాగే చూశాను. మద్రాసంటే నాకు ఒక మేడమీది గదిలో అరటికాయ బజ్జీలు. కలకత్తా అంటే ఒకాయన సోఫా. ఈ రోగం నాకూ ఉంది గనకనే దానికి మందు కూడా నేనే కనిపెట్టగలననుకున్నాను. అన్నం తినేవాణ్ణయితే పెట్టడం వాళ్ళ ధర్మం. అన్నమే తిననివాణ్ణి కూర్చోబెట్టి ఏం చేస్తారు? శనివారం రాత్రి భోజనం మానేస్తే శనివారం సాయంత్రం నాదే.

గొంతు సవరించుకుని, "అసలు శనివారం రాత్రిళ్ళు నేను భోజనం మానేశాను," అన్నాను.

మా ఆవిడ తలెత్తింది. "ఎప్పట్నించి?"

"నిన్నటి నుంచి."

"నిన్న రాత్రి మూడుసార్లు పప్పుచారు పోయించుకున్నారుగా!"

"అదే ఆఖరు."

అబద్ధమాడాను, ఒప్పుకుంటున్నాను. కానీ అబద్ధంకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. శనివారం భోజనం మానినవాళ్ళకి మన ఇళ్ళలో ఏం పెడతారో ఒక్కక్షణం మరిచిపోయాను. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నదే. బుద్ధి ఎక్కడ మేతకు పోయిందో!

గంట తిరక్కుండా కబురు బర్నబీ చేరింది. వియ్యపురాలే స్వయంగా ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఎంత మంచి పని మొదలుపెట్టారండీ! మా ఆయనకి చెబుతూనే ఉంటాను, వింటేనా. ఉల్లీ వెల్లుల్లీ తగలకుండా విడిగా చేస్తాలెండి. ఇడ్లీ, మినపరొట్టె, జీడిపప్పు ఉప్మా, చక్రపొంగలి. ఇంకేమన్నా పడతాయా?"

"ఒక్క అరటిపండు చాలమ్మా. నేనలా బయటికి..."

"అయ్యో, అదేం మాట! ఉపవాసం ఉన్నవాళ్ళు కడుపునిండా తినాలండీ. దీపం పెట్టగానే మీకు మొదట వడ్డించేస్తాను. పిలిచినవాళ్ళందరం కూడా ఆ పూటకి మీతోపాటు పలహారమే చేద్దామనుకుంటున్నాం."

దీపం పెట్టేదెప్పుడు? పొద్దు వాలగానే. అంటే సూర్యుడు నీళ్ళకి అవతల దిగే నిమిషానికి, నేను ముప్ఫైమంది మధ్య కూర్చుని మినపరొట్టె తుంచుతూ ఉంటానన్నమాట. ఇదివరకు నేను ఆ విందుకి ఒక అతిథిని. ఇప్పుడు ఆ విందు నా వ్రతానికే జరుగుతోంది. జబ్బు చేసిందన్నా తప్పించుకునే దారి లేకుండా, స్వయంగా తలుపు మూసి గడియ పెట్టుకున్నాను.

అక్కడితో పోలేదు. ప్రయాణానికి ఇంకా మూడు శనివారాలున్నాయి. వ్రతం పట్టిన మనిషి ఇంట్లో మానేస్తే ఎలా? ఆ మూడు శనివారాలూ నాకు గోధుమరవ్వ ఉప్మా పెట్టారు. మిగతావాళ్ళు మాత్రం బల్లకి ఆ చివర కూర్చుని ఒకసారి బిర్యానీ, ఒకసారి రొయ్యల వేపుడు, ఒకసారి మళ్ళీ బిర్యానీ తిన్నారు. మా ఆవిడ వడ్డిస్తూ నా వంక చూసి, "వాసన పీల్చినా దోషమేనేమో, అటు తిరిగి కూర్చోండి," అంది. ఆవిడకి మొదటినుంచీ తెలుసు.

రెండో శనివారం ఉప్మా తిన్న మర్నాడు కాగితం తీసుకుని కూర్చున్నాను. ఉద్యోగంలో ఉండగా పై ఆఫీసర్లకి ఎన్నో ఉత్తరాలు రాశాను. వియ్యంకుడికి ఫిర్యాదు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఆయన రెండు డిగ్రీలు చదివిన రిటైరైన ఇంజినీరు, బర్నబీలో ఇరవై ఆరేళ్ళ కాపురం. పెళ్ళిచూపుల నాడు నా చదువెంతని ఆయన అడగలేదు. ఆ మర్యాద నాకు ఇంకా గుర్తుంది. అందుకే మూడుసార్లు చించి నాలుగోసారి పూర్తిచేశాను.

"బావగారికి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. నేను శనివారం వ్రతం ఏమీ పట్టలేదు. మీ ఇంటి భోజనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, దాని వేళ మీదనే ఉంది. తొమ్మిదికి పది నిమిషాల ముందు నేను మీ సముద్రం ఒడ్డున ఉండాలి. నాకు డెబ్బై ఆరేళ్ళు. అబ్బాయికి మళ్ళీ సెలవు దొరికి, నాకు మళ్ళీ ఓపిక ఉండి, ఇంత దూరం ఇంకోసారి రావడం జరిగేపని కాదు. ముప్ఫైమందిని పిలిచి మీరు చేస్తున్న మర్యాద చిన్నదేం కాదు. దాన్ని కాదనే మనిషిని మీరెలా అనుకున్నా సరే గాని, మా కోడల్ని మాత్రం ఏమీ అనకండి. ఈ ఉత్తరం సంగతి ఆ పిల్లకి తెలియదు."

స్టాంపు అంటించి, దుకాణాల పక్కనున్న పోస్టు డబ్బాలో వేశాను. అది అడుగున పడిన చప్పుడు వినగానే చేసిన పని తెలిసొచ్చింది. మా కోడలు ఈ ఇంటికొచ్చి పద్నాలుగేళ్ళు. ఒక్కనాడు నన్ను మాట అనలేదు. నేనిప్పుడు ఆ పిల్ల పుట్టింటి పొయ్యిమీద చెంబెడు నీళ్ళు కుమ్మరించాను. డబ్బాలో చెయ్యిపెట్టి చూశాను. మూత లోపలికి అరచెయ్యి దాటి దూరలేదు.

వారం దాకా ఏ కబురూ లేదు. వియ్యపురాలు మాత్రం రోజూ ఫోన్ చేసి పొంగలిలో బెల్లమా పంచదారా అని అడిగింది. అంటే ఉత్తరం ఇంకా చేరలేదు. ఆ తరవాతి మంగళవారానికి ఆ ఫోన్లు ఆగిపోయాయి. అంటే చేరింది.

సాయంత్రం కోడలు వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబడింది. "అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. నాన్నేమో బిజీ అని మెసేజ్ పెట్టారు. రిటైరై తొమ్మిదేళ్ళయింది, ఏం బిజీ ఆయన?"

మా ఆవిడ నా ముఖం చూసింది. నేను గోడమీది గడియారం చూశాను. ముప్ఫై నాలుగేళ్ళు గడియారాలు చూసి బతికినవాణ్ణి, ఆ క్షణంలో టైమెంతయిందో నాకు తెలియలేదు.

"అమ్మా, నేను మీ నాన్నగారికి ఉత్తరం రాశాను," అన్నాను. ఏం రాశానో కూడా మొత్తం చెప్పాను, వ్రతం సంగతితో సహా.

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు చెప్పచ్చుగా మామయ్యగారూ!"

"చెప్పానమ్మా. స్లాట్ లేదన్నావు."

ఆ పిల్ల ఫోన్లో పట్టిక తెరిచి, అటూ ఇటూ జరిపి, దేన్నీ మార్చకుండా మూసేసింది. ఆ రాత్రి మనవరాలు, "ఈజ్ ది ట్రిప్ క్యాన్సిల్డ్?" అని ఒక్కొక్కరినీ వరసగా అడిగింది.

ప్రయాణం శుక్రవారం. గురువారం పొద్దున నా ఫోన్ మోగింది. వియ్యంకుడు తెల్లకాగితం మీద చేత్తో ఉత్తరం రాసి, పోస్టులో వేస్తే మేం బయల్దేరాక వస్తుందని కాబోలు, ఫోటో తీసి పంపించారు. కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే చదివాను. తరవాత కోడలికిచ్చాను. ఆ పిల్ల చదివి మా ఆవిడకిచ్చింది. ఆ ఉత్తరం ఇది:

"బావగారూ,

మీ ఉత్తరం సోమవారం అందింది. రెండుసార్లు చదివాను. దాచుదామనుకున్నాను గాని, పప్పు నానబోసే మనిషి దగ్గర దాచి లాభం లేదని మీ చెల్లెమ్మ చేతికే ఇచ్చాను. ఆవిడకి కోపం వచ్చింది. మీ మీద కాదు, నా మీద. ఇరవై ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళందరూ సముద్రం చూసొచ్చి మనింట్లో కాళ్ళు కడుక్కున్నారు, వాళ్ళ చెప్పుల్లో ఇసక నేను ఊడ్చాను, ఒక్క సాయంత్రం నన్ను అక్కడికి తీసుకెళ్ళారా అని అడిగింది. తీసుకెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. ఆ వేళకి ఎప్పుడూ ఎవరో ఒకరు భోజనానికి కూర్చునే ఉంటారు. ఆవిడ రెండు రోజులుగా ఫోన్లు ముట్టుకోవడం లేదు. అమ్మాయిని కంగారుపడవద్దనండి.

ముప్ఫైమందికీ నేనే ఫోన్ చేసి శనివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాను. ఇద్దరు అలిగారు. అలగనివ్వండి. సాయంత్రం ఏడున్నరకి మనం నలుగురం బయల్దేరుతున్నాం. మీరు వ్రతం మానేసినట్టేనా, సాగిస్తున్నారా అన్నది వెంటనే తెలియజెయ్యాలి, రాత్రికి వంకాయలు కొనాలట.

ఈ పొద్దున మీ చెల్లెమ్మ నాతో మొదటి మాట మాట్లాడింది, అక్కడ కూర్చోడానికి బెంచీలుంటాయా అని. ఉంటాయో లేదో నాకు తెలియదు. సాయంత్రం వెళ్ళి చూసొస్తాను."